కోత నున్నగా.. చేయి భద్రంగా

రాయి కోయడానికి పుట్టిన చిన్న యంత్రం దేశమంతటా వడ్రంగి చేతిలో రంపమైపోయింది. ప్లైవుడ్, అల్యూమినియం, ప్లాస్టిక్.. షీటు ఏదైనా కోత దానితోనే. ఈ చౌక బేరానికి అసలు ధర కార్మికుడి వేళ్లు, ఊపిరితిత్తులు చెల్లిస్తున్నాయి.

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన వారానికే లోపల రంపం మోత మొదలవుతుంది. హైదరాబాద్‌లో కొండాపూర్ అయినా, ఢిల్లీ పక్కన గురుగ్రామ్ అయినా, పుణే శివార్లలో హింజేవాడి అయినా హాల్లో దృశ్యం దాదాపు ఒకటే. నేల మీద ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు, దాని కింద ఎత్తు కోసం రెండు చెక్క తుండ్లు, షీటు మీద మోకాలు మోపి కూర్చున్న పాతికేళ్ల కుర్రాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు, ముక్కుకు అడ్డంగా చేతి రుమాలు. చేతిలో పిడికిలి కంటే కాస్త పెద్దదైన యంత్రం. దాని వైరు చివర ప్లగ్గు ఉండదు. రెండు తీగల కొనలను సాకెట్ రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తారు. స్విచ్ వేశాక గది నిండా పొట్టు మేఘం.

ఆ యంత్రం పేరు మార్బుల్ కట్టర్. అది దేనికోసం పుట్టిందో పేరే చెబుతుంది. పాలరాయి, గ్రానైటు, టైల్స్ కోయడానికి పళ్లు లేని డైమండ్ బ్లేడుతో వాడాల్సిన సాధనమది. డైమండ్ బ్లేడు విప్పి 30 లేదా 40 పళ్లున్న నాలుగంగుళాల కార్బైడ్ బ్లేడు బిగిస్తే చెక్కను కోస్తుంది. మరో బ్లేడు వేస్తే కిటికీల అల్యూమినియం సెక్షన్‌నూ కోస్తుంది. పీవీసీ బోర్డు, ఆక్రిలిక్, దుకాణాల బోర్డులకు వాడే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్.. దేనికీ కాదనదు. ధర తక్కువ, బరువు తక్కువ, సంచిలో పడేసి బస్సెక్కవచ్చు. రాజస్థాన్ నుంచో బీహార్ నుంచో వచ్చి పని అయిన చోటే పడుకునే వడ్రంగి బృందానికి ఇంతకంటే అనువైన సాధనం లేదు. ఇబ్బందల్లా ఒక్కటే. అది చెక్క కోసం తయారైంది కాదు.

తేడా ఎంతో లెక్కలోనే తెలుస్తుంది. మార్బుల్ కట్టర్ నిమిషానికి 12,000 నుంచి 13,000 చుట్లు తిరుగుతుంది. 110 మిల్లీమీటర్ల బ్లేడు 13,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 75 మీటర్లు, అంటే గంటకు 270 కిలోమీటర్లు. చెక్క కోసమే తయారైన ఏడంగుళాల సర్క్యులర్ సా దాదాపు 5,000 చుట్లతో సరిపెట్టుకుంటుంది. దాని అంచు వేగం సెకనుకు 50 మీటర్లు దాటదు. అంతకంటే ముఖ్యమైన తేడా కింది భాగంలో ఉంది. సర్క్యులర్ సా బ్లేడు కింద స్ప్రింగుతో కదిలే గార్డు ఉంటుంది. బ్లేడు చెక్కలోకి దిగుతుంటే గార్డు వెనక్కి జరుగుతుంది, బయటికి రాగానే టక్కున మూసుకుంటుంది. మార్బుల్ కట్టర్‌కు పై సగాన్ని కప్పే రేకు తప్ప కింద రక్షణ ఏమీ లేదు. చాలా మోడళ్లలో స్విచ్‌ను లాక్ చేసే బొత్తాం కూడా ఉంటుంది. లాక్ చేశాక యంత్రం చేయిజారితే తిరుగుతూనే కింద పడుతుంది.

దీనికి మించిన సాహసం మరొకటి ఉంది. ప్లైవుడ్ ముక్కకు సన్నటి చీలిక పెట్టి, కట్టర్‌ను దాని కింద తలకిందులుగా స్క్రూలతో బిగిస్తే క్షణాల్లో టేబుల్ సా తయారు. బ్లేడు పైకి తేలి నగ్నంగా తిరుగుతుంటే సన్నటి పట్టీలను చేత్తోనే దాని మీదికి తోస్తారు. పనితనం పరంగా చూస్తే మెచ్చుకోవలసిన ఉపాయమే. వేళ్లు పోయేదీ ఎక్కువగా ఇక్కడే.

రంపం ఎందుకు తిరగబడుతుంది?

రంపం ప్రమాదమంటే పరధ్యానంలో చేయి బ్లేడుకు తగలడమేనని చాలామంది అనుకుంటారు. చేయి తగలడం చివరి ఘట్టం మాత్రమే. దానికి ముందు రంపమో చెక్కో ఎదురు తన్నుతుంది. షాపు భాషలో దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. రెండు చివర్లా తుండ్ల మీద ఆనించిన షీటును మధ్యలో కోస్తే, కోత సాగేకొద్దీ రెండు ముక్కలూ తమ బరువుకు లోపలికి కుంగుతాయి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు బరువు 35 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కుంగిన ముక్కలు కోత దారిని మూసేసి బ్లేడును పళ్ల మధ్య పట్టినట్టు పట్టేస్తాయి. తిరగడానికి దారి లేని బ్లేడు యంత్రాన్ని మొత్తం వెనక్కి, మనిషి మీదికి విసురుతుంది. కింద గార్డు లేని బ్లేడు ఆ క్షణంలో తొడ మీదికి వస్తుందో, షీటును పట్టుకున్న ఎడమ చేతి మీదికి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

టేబుల్ సాలోనూ సూత్రం ఇదే. బ్లేడు ముందు వైపు పళ్లు చెక్కను కిందికి అదిమి కోస్తాయి. వెనక వైపు పళ్లు పైకి లేస్తుంటాయి. కోసిన ముక్క కాస్త వంకర తిరిగి ఆ వెనక పళ్లకు తగిలితే వాటితోపాటే పైకి లేచి మనిషి మీదికి దూసుకొస్తుంది. ముక్కను తోస్తున్న చేయి ఆ ఊపులో బ్లేడు మీదికి జారుతుంది. అందుకే మంచి టేబుల్ సాలలో బ్లేడు వెనకే, దానంత మందంలో ఒక ఉక్కు రేకు నిలబడి ఉంటుంది. రైవింగ్ నైఫ్ అనే ఆ రేకు కోత దారిని మూసుకోనివ్వదు. దానికి మోటారు లేదు, మీట లేదు. కానీ టేబుల్ సా ప్రమాదాలకు అంతకంటే సులువైన విరుగుడు మరొకటి లేదు. తలకిందుల మార్బుల్ కట్టర్‌కు దాన్ని బిగించే చోటే ఉండదు.

సైట్ మీద పనిచేసేవారిని ఒప్పించడానికి భద్రత అనే మాట పెద్దగా పనికిరాదు. చదరపు అడుగుకు ఇంత అని కాంట్రాక్టు మాట్లాడుకున్న చోట అందరి కళ్లూ ఫినిషింగ్ మీదే. సన్‌మైకా అంచు పెచ్చులూడిందా, అతుకు దగ్గర సందు వచ్చిందా అని ఇంటాయన వేలితో తడిమి చూస్తాడు. నిజానికి ఆ రెండూ వేర్వేరు విషయాలు కావు. చేతిని కాపాడే సర్దుబాట్లే కోతను నున్నగా చేస్తాయి.

ఉదాహరణకు ఆధారం. కోత గీతకు అటు రెండు, ఇటు రెండు చెక్క తుండ్లు పెడితే ఏ ముక్కా కుంగదు. బ్లేడు ఇరుక్కోదు, చివర్లో ముక్క విరిగి పెచ్చు లేవదు. గీత వెంట తిన్నని అల్యూమినియం పట్టీని క్లాంపులతో బిగించి దానికి ఆనించి రంపాన్ని నడిపితే కోత గీత దాటదు, బ్లేడు పక్కకు మెలితిరగదు. మెలితిరగని బ్లేడు తన్నదు. బ్లేడు లోతును షీటు మందం కంటే ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ పెడితే కింద బయటపడే పళ్లు తక్కువ. తొడకు ముప్పూ తక్కువే. మొద్దుబారిన బ్లేడును బలంగా తోయాలి. బలంగా తోసే చేయి అదుపు తప్పుతుంది, అంచు నల్లగా మాడుతుంది. పదునైన బ్లేడు తన దారిన తను పోతుంది.

పెచ్చులూడే విషయంలో అనుభవజ్ఞులు కూడా తికమకపడే సంగతి ఒకటుంది. పన్ను బయటికి వచ్చే వైపే పొర లేస్తుంది. చేతి సర్క్యులర్ సాలో పళ్లు కింది నుంచి పైకి వస్తాయి కాబట్టి సన్‌మైకా ముఖం కిందికి పెట్టాలి. టేబుల్ సాలో పళ్లు పై నుంచి కిందికి దిగుతాయి కాబట్టి ముఖం పైకి ఉండాలి. గీత మీద మాస్కింగ్ టేపు అంటించడం, కత్తితో ముందే ఒక గాటు పెట్టడం తర్వాతి జాగ్రత్తలు. ఫ్యాక్టరీల్లోని ప్యానెల్ సాలో ఈ గాటు పనిని మరో చిన్న బ్లేడు చేస్తుంది. ప్రధాన బ్లేడు ముందు అది ఎదురు దిశలో తిరుగుతూ ఒకటి రెండు మిల్లీమీటర్ల గాడి పెడుతుంది. వెనక వచ్చే పెద్ద బ్లేడు ఆ గాడిలోంచే బయటపడుతుంది. జరిగే బల్ల మీద షీటును పడుకోబెట్టి నడిపే ఈ తరహా రంపానికి 1906లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ ఊపిరి పోశాడు. చేయి షీటు మీద ఉండదు, బల్ల మీద ఉంటుంది. నూటపాతికేళ్ల దగ్గరికొస్తున్నా దీనికి మించిన ఆలోచన రాలేదు.

లోహం తీరు వేరు

అల్యూమినియం మెత్తనిదే, కానీ జిగురు లోహం. చెక్క బ్లేడు పళ్లు ముందుకు వంగి ఉంటాయి కాబట్టి లోహాన్ని కొక్కెంలా లాగుతాయి. సన్నటి సెక్షన్ చటుక్కున బ్లేడులోకి వెళ్లి మెలికపడుతుంది, ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది. అల్యూమినియం బ్లేడుకు పళ్లు నిటారుగానో కాస్త వెనక్కి వాలో ఉంటాయి. ఒక పన్ను మధ్యలో కోస్తే తర్వాతి పన్ను అంచులను శుభ్రం చేస్తుంది. పది, పన్నెండు అంగుళాల బ్లేడుకు 80 నుంచి 120 దాకా పళ్లుంటాయి. వేడికి లోహం కరిగి పళ్లకు అంటుకోకుండా కాస్త మైనం రాస్తారు. ఇక సెక్షన్‌ను చేత్తో పట్టుకోవడమనే ప్రశ్నే ఉండకూడదు, క్లాంపు బిగించాల్సిందే.

కాంపోజిట్ ప్యానెల్‌ది చిత్రమైన కథ. చాలావాటి మందం నాలుగు మిల్లీమీటర్లు. రెండు వైపులా అర మిల్లీమీటరు లోపు అల్యూమినియం రేకు, మధ్యలో ప్లాస్టిక్. దీన్ని మూల తిప్పాలంటే వెనక నుంచి వి ఆకారంలో గాడి తీసి, ముందు రేకునూ దానికి అంటుకున్న పలచటి ప్లాస్టిక్ పొరనూ మిగల్చాలి. అప్పుడే చేత్తో మడిస్తే కాగితంలా వంగుతుంది. గాడి కొంచెం లోతైతే రేకు చిట్లుతుంది. దీనికి రౌటర్ ఉంది, దాని బిట్ ఉంది. దుకాణాల ముందు నిచ్చెన మీద నిలబడి మార్బుల్ కట్టర్‌తో కంటి అంచనా మీద ఈ గాడి తీసేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆరు నెలలకు బోర్డు మూల చిట్లితే నిందపడేది ప్యానెల్ కంపెనీ మీద.

ఇనుప రేకుల దగ్గర తప్పు సాధనం తప్పు ఫలితం ఇవ్వడం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు మేడల మీద వేసే రంగు రేకుల షెడ్లను చాలాచోట్ల గ్రైండర్ డిస్కుతో కోస్తారు. ఆ వేడికి అంచున జింకు పూత, దాని మీది రంగు మాడిపోతాయి. ఎగిరిన నిప్పురవ్వలు నిజానికి ఎర్రగా కాలిన ఉక్కు రజను. అవి పక్క రేకుల రంగులో పాతుకుపోయి మొదటి వానలకే తుప్పు మచ్చలవుతాయి. రేకుల తయారీ కంపెనీలు డిస్కుతో కోయవద్దని చెప్పేది అందుకే. రేకు కత్తెర, షియర్, నిబ్లర్.. వీటిలో ఏది వాడినా నిప్పురవ్వ రాదు, అంచు మాడదు, కంట్లో రజను పడదు.

గ్రైండర్‌తో మరో రెండు పేచీలున్నాయి. ప్రతి డిస్కు మీదా అది తట్టుకోగల గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది. నాలుగంగుళాల డిస్కుకు సాధారణంగా 15,300 చుట్లు, ఏడంగుళాల దానికి 8,500. గార్డు విప్పేసి చిన్న గ్రైండర్‌కు పెద్ద డిస్కు ఎక్కించినప్పుడు ఆ హద్దు దాటిపోతుంది. డిస్కు పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి. మధ్యలోని లోహపు రింగు మీద నెల, సంవత్సరం ఉంటాయని గమనించేవారు తక్కువ. రెసిన్‌తో అతికించిన డిస్కుకూ మందుబిళ్లలాగే గడువు ఉంటుంది, సాధారణంగా తయారైన మూడేళ్లు. ఇక గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించి చెక్క కోయడాన్ని కంపెనీల మాన్యువళ్లన్నీ నిషేధించాయి. మాన్యువల్ మాత్రం డబ్బాలోనే ఉండిపోతుంది.

చేతి తొడుగుల గురించి ఒక మాట. రేకులను మోసేటప్పుడు అవి తప్పనిసరి. తిరిగే బ్లేడు దగ్గర వదులు తొడుగు ప్రమాదం. పన్నుకు దారం చిక్కితే వేలితోపాటు చేతినీ లాక్కుంటుంది. భద్రత పేరుతో అందరికీ గుడ్డ గ్లవుజులు పంచి చేతులు దులుపుకునే సూపర్‌వైజర్లకు ఇది ఎందుకో ఎక్కదు.

ప్లాస్టిక్‌కు వేగమే శత్రువు

ప్లాస్టిక్ వేడికి కరుగుతుంది. మార్బుల్ కట్టర్ వేగానికి ఆక్రిలిక్ పొడిగా రాలకుండా ముద్దగా మారి కోత వెనకే మళ్లీ అతుక్కుంటుంది. అతుక్కున్న కోత బ్లేడును పట్టేస్తుంది. తర్వాతిది తెలిసిందే. రెండు మూడు మిల్లీమీటర్ల ఆక్రిలిక్‌కు అసలు యంత్రమే అవసరం లేదు. ఉక్కు స్కేలు ఆనించి గీత కత్తితో ఏడెనిమిది సార్లు గీసి, బల్ల అంచున పెట్టి నొక్కితే గాజులా విరుగుతుంది. పాలీకార్బొనేట్‌తో ఈ ఎత్తు పారదు, అది వంగుతుందే గానీ విరగదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి షీటు ఏమిటో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది. పై పొర కాగితాన్ని కోత పూర్తయ్యే దాకా ఒలవకూడదు.

పీవీసీ విషయంలో మరో హెచ్చరిక. చిన్న పట్టణాల్లో కూడా ఇప్పుడు లేజర్ కటింగ్ దుకాణాలు వెలిశాయి. ఆక్రిలిక్‌ను లేజర్ అద్దంలా కోస్తుంది. పీవీసీ మీద అదే లేజర్ పడితే క్లోరిన్ విడివడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పుడుతుంది. గాలిలోని తేమతో కలిస్తే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ముందు మిషను లోపలి భాగాలు తుప్పు పడతాయి, యజమాని గుర్తించేది దాన్నే. అప్పటికి పనివాడి గొంతు, ఊపిరితిత్తులు కొంత మింగేసి ఉంటాయి. ఫోమ్ బోర్డు పేరుతో దొరికే తెల్లటి షీట్లలో చాలావరకు పీవీసీయే.

పొట్టు చేసే కీడు

వేలు తెగితే అందరికీ కనిపిస్తుంది. పొట్టు పని ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. దీన్ని పట్టుకున్నది ఇంగ్లాండ్‌లోని ఫర్నిచర్ పట్టణం హై వికమ్ దగ్గర. 1960లలో అక్కడి చెవి ముక్కు గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ దగ్గరికి అరుదైన ముక్కు క్యాన్సర్ రోగులు వరుసగా వచ్చారు. వారిలో ఎక్కువ మంది కుర్చీలు, బల్లలు చేసేవాళ్లే. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులతో కలిసి ఆమె 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ లెక్కలు ప్రచురించారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొట్టును మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, ప్లైవుడ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ 2004లో అదే జాబితాలోకి ఎక్కింది. కళ్లకు కనిపించే పొట్టు కంటే కనిపించని ధూళి ప్రమాదకరం. అది గదిలో గంటల తరబడి తేలుతుంది. చేతి రుమాలు దాన్ని ఆపలేదు.

మార్బుల్ కట్టర్ ఇక్కడా దోషే. రాయికైతే నీరు పోస్తూ కోయాలి, చెక్కకు నీళ్లు పోయలేరు, పొట్టును లాగే గొట్టం తగిలించడానికి చాలా కట్టర్లకు వెసులుబాటు లేదు. మామూలు సర్క్యులర్ సాకు వెనక గొట్టం ఉంటుంది, దానికి వ్యాక్యూమ్ తగిలిస్తే పొట్టులో ఎక్కువ భాగం పుట్టిన చోటే ఆగిపోతుంది. మిగతాదానికి ఎన్95 మాస్కు. కోవిడ్ తర్వాత ఆ మాస్కు ఊరూరా దొరుకుతోంది. అల్యూమినియం రజనును, గ్రైండర్ నిప్పురవ్వలను ఒకే వ్యాక్యూమ్ సంచిలోకి పంపితే నిప్పంటుకునే ముప్పుంది. ఆ రెండింటినీ వేరుగా ఉంచాల్సిందే.

చట్టం ఆగిపోయే గడప

యంత్రాల కదిలే భాగాలకు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. దుమ్మును పుట్టిన చోటే లాగేయాలని 14వ సెక్షన్, కళ్లకు రక్షణ ఇవ్వాలని 35వ సెక్షన్ నిర్దేశించాయి. కాగితం మీద లోటు లేదు. కానీ విద్యుత్తు వాడే చోట పది మంది కార్మికులుంటేనే అది ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. కోడ్‌లోని ఇతర నిబంధనలు వర్తించాలన్నా సాధారణంగా పది మంది ఉండాలి. ఫ్లాటులో పనిచేసే వడ్రంగి బృందంలో నలుగురైదుగురికి మించరు. చట్టం ఆ గడప దాకా వచ్చి ఆగిపోతుంది.

ఫ్యాక్టరీ లోపల ఉన్నవారి పరిస్థితి మెరుగ్గా ఉందని గట్టిగా చెప్పడం కూడా కష్టమే. ఫరీదాబాద్, గురుగ్రామ్, మానేసర్‌లలో వాహనాల కంపెనీలకు లోహపు విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్లలో పవర్ ప్రెస్ కింద వేళ్లు నలిగిపోతున్న తీరును సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో వెలువరిస్తున్న నివేదికలు బయటపెట్టాయి. బాధితుల్లో అధికులు వలస కార్మికులు. సెన్సర్ ఉన్నా ఉత్పత్తి తగ్గుతుందని ఆపేయడం, నేర్పకుండానే ప్రెస్ మీద కూర్చోబెట్టడం వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే కారణాలు.

వేలికి చట్టం కట్టిన వెల కూడా ఉంది. 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలు ప్రకారం బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికో చిటికెన వేలికో 7. నెల వేతనాన్ని 15,000 రూపాయలకు మించి లెక్కలోకి తీసుకోని ఆ చట్టం కింద ముప్పై ఏళ్ల కార్మికుడి చూపుడు వేలికి సుమారు 2.62 లక్షల రూపాయలు వస్తాయి. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. వడ్రంగి విషయంలో ఈ శాతాల లెక్క సరిపోదని సుప్రీంకోర్టు ఎప్పుడో గుర్తించింది. ఒడిశాలోని జేపూర్‌లో ఒక సినిమా హాలు అలంకరణ పని చేస్తూ 1968లో కింద పడిన వడ్రంగికి ఎడమ చేయి తీసేయాల్సి వచ్చింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమేనన్న కమిషనర్ నిర్ణయాన్ని 1975 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పును ఇప్పటికీ కోర్టుల్లో ఉటంకిస్తారు. కానీ కోర్టు దాకా వెళ్లాలంటే యజమాని ఎవరో తేలాలి. ఇంటాయన కాంట్రాక్టర్‌ను, కాంట్రాక్టర్ మేస్త్రీని చూపిస్తారు. మేస్త్రీ కూడా అదే గదిలో పడుకునే మనిషి.

సాంకేతికతకు కొదవ లేదు. అమెరికాలోని ఆరెగాన్‌కు చెందిన స్టీఫెన్ గాస్ వృత్తిరీత్యా పేటెంట్ లాయరు, చదివింది భౌతికశాస్త్రం. వేలు తగిలీ తగలగానే ఆగిపోయే రంపాన్ని 1999లో రూపొందించాడు. బ్లేడులో స్వల్ప విద్యుత్ సంకేతం ప్రవహిస్తుంటుంది. చర్మం తగలగానే సంకేతం మారుతుంది, అల్యూమినియం దిమ్మె ఒకటి బ్లేడు పళ్లలోకి దూసుకెళుతుంది. అంతా ఐదు మిల్లీసెకన్లలో. వేలికి గీరుడు తప్ప ఏమీ కాదు. పెద్ద కంపెనీలు ముందుకు రాకపోవడంతో గాస్ సొంతంగా సా స్టాప్ కంపెనీ పెట్టి 2004 నుంచి అమ్మాడు. 2010లో బోస్టన్ జ్యూరీ ఒకటి ఇలాంటి ఏర్పాటు లేని రంపంతో గాయపడిన కార్మికుడికి 15 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. పోటీగా బాష్ కంపెనీ తెచ్చిన రంపం పేటెంట్ వివాదంలో చిక్కి 2017లో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. వేళ్లను కాపాడే ఆలోచన కూడా ఒకరి ఆస్తే కాబట్టి అక్కడా అది అందరి రంపంలోకి చేరలేదు. ఇక్కడి వడ్రంగికి అంత ఖరీదైన సాధనం అక్కర్లేదు. కింద గార్డు ఉన్న సర్క్యులర్ సా, నాలుగు క్లాంపులు, ఒక తిన్నని పట్టీ, ప్లగ్గున్న వైరు, ఈఎల్‌సీబీ ఉన్న స్విచ్ బోర్డు చాలు.

కొంత మార్పు మార్కెట్టే తెస్తోంది. మాడ్యులర్ కిచెన్ కంపెనీలు షీట్లను ఫ్యాక్టరీలోనే కొలతలకు కోయించి, అంచులకు పట్టీ అతికించి పంపుతున్నాయి. సైట్‌లో మిగిలేది బిగింపే. హైదరాబాద్‌లో కొన్ని ప్లైవుడ్ దుకాణాలు కూడా ప్యానెల్ సా పెట్టుకుని కొలత చీటీ ఇస్తే కోసి ఇస్తున్నాయి. కోతకు అదనంగా తీసుకునే రుసుము వృథా అయ్యే షీటులో తిరిగి వచ్చేస్తుంది. ఇంటాయనకు దుమ్ము బెడద ఉండదు. అయినా గోడ వంకర, మూల తేడా ఉన్న చోట చివరి అరంగుళం సైట్‌లోనే కోయాలి. మార్బుల్ కట్టర్ సంచిలో ఉండనే ఉంటుంది.

జరగరానిది జరిగితే తర్వాతి పది నిమిషాలు కీలకం. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చేతిని పైకెత్తి ఉంచాలి. తెగిన వేలిని నీళ్లలోనో నేరుగా ఐసు మీదో వేయకూడదు. ఐసు తగిలితే కణజాలం చచ్చిపోతుంది. తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు నీళ్లున్న మరో సంచిలో ఉంచాలి. చల్లగా ఉంచిన వేలిని చాలా గంటల తర్వాత కూడా అతికించే వీలుంటుంది. కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ ఇలాంటి శస్త్రచికిత్సలకు పేరుపొందింది. పెద్ద నగరాల్లో మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్లున్నారు. ముందుగా ఫోన్ చేసి వెళితే మధ్యలో రెండు ఆస్పత్రులు తిరిగే సమయం మిగులుతుంది. ఆ నంబరును పని మొదలైన రోజే గోడ మీద రాసి ఉంచే మేస్త్రీలు కొందరున్నారు.

ఇంటీరియర్ కాంట్రాక్టర్లు ఇచ్చే అంచనా పత్రంలో ప్లైవుడ్ గ్రేడు, సన్‌మైకా మందం, కీలు కంపెనీ పేరు, ఛానెల్ పొడవు సహా అన్నీ వరుసగా ఉంటాయి. బ్లేడుకు, మాస్కుకు, పొట్టు లాగే యంత్రానికి అందులో గడి ఉండదు. షీటును ఎక్కడ, దేనితో కోస్తారన్న ప్రశ్నను ఆ పత్రం మీద సంతకం పెట్టే ముందే ఇంటివారు అడగవచ్చు.